మేడమీద గది: ‘కాలాతీత వ్యక్తులు’ నవలని మనం ఎలా చదవాలి?

విజయనగరంలో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నప్పుడు హాస్టల్ వదిలి బయట గది వెతుక్కోవాల్సి వచ్చింది. నేనూ, నా స్నేహితురాలూ నాలుగు వీధులు తిరిగాం. ‘ఇల్లు అద్దెకివ్వబడును’ అని బోర్డు పెట్టిన ప్రతి గుమ్మం దగ్గరా మొదటి ప్రశ్న అద్దె గురించి రాలేదు. ‘మీరెవుళ్లమ్మా?’ అని వచ్చింది. మూడు ఇళ్ల దగ్గర నిజమే చెప్పాం. ఒకచోట గది నిన్ననే ఇచ్చేశామన్నారు. ఇంకోచోట మా చుట్టాలొస్తున్నారన్నారు. మూడోచోట ఏమీ అనకుండానే తలుపేసుకున్నారు. నాలుగో ఇంటి దగ్గర నేను అబద్ధం చెప్పాను. మేడమీద గది దొరికింది.

ఆ గదిలో ఎనిమిది నెలలున్నాను. అన్నాళ్లూ మా అమ్మని ఆ ఇంటికి రానివ్వలేదు. ఆమె శ్రీకాకుళం జిల్లాలో మా ఊరి నుంచి బియ్యం మూటతో బస్సు దిగితే, నేనే ఆర్టీసీ కాంప్లెక్సుకి వెళ్లి అక్కడే బెంచీ మీద కూర్చుని మాట్లాడి పంపించేసేదాన్ని. మా అమ్మ కూలికెళ్లే మనిషి. ఆమె మాట, చీరకట్టు, ఎండకి కమిలిన చేతులు నా అబద్ధాన్ని బయటపెట్టేస్తాయని నా భయం. ఇంట్లో మొదట కాలేజీ మెట్టెక్కిన దాన్ని నేను. ఆ మెట్టెక్కగానే నేర్చుకున్న మొదటి పని అమ్మని దాచిపెట్టడం.

ఆ మేడమీద గదిలోనే లైబ్రరీ నుంచి తెచ్చుకుని డాక్టర్ పి. శ్రీదేవి రాసిన ‘కాలాతీత వ్యక్తులు’ చదివాను. ఆ నవల కూడా ఒక మేడమీద అద్దె వాటా చుట్టూనే నడుస్తుంది. దెబ్బ తిన్న ఆడది తనని తాను ద్వేషించుకోకుండా ఎలా నిలబడుతుందో చెప్పిన తెలుగు నవలల్లో దీనికి ముఖ్యమైన చోటుంది. ఇది చదివి ధైర్యం తెచ్చుకున్నాను. కానీ చదవడం అయిపోయాక కూడా అమ్మని కాంప్లెక్సులోనే కలిశాను. నవల ఇచ్చిన ధైర్యం అంతవరకూ ఎందుకు రాలేదు? ఈ వ్యాసం ఆ ప్రశ్నకి జవాబు వెతికే ప్రయత్నం. నవలని తోసిపారేయడం నా ఉద్దేశం కాదు. అది ఎంతవరకు మనతో నడుస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో చూడాలి.

రచయిత్రి, కాలం

శ్రీదేవి 1929లో అనకాపల్లిలో పుట్టారు. వైద్యం చదివి డాక్టరుగా పనిచేశారు. గోరాశాస్త్రి సంపాదకత్వంలో నడిచిన ‘తెలుగు స్వతంత్ర’ పత్రికలో ఈ నవల 1957-58లో ధారావాహికగా వచ్చింది. 1961లో, ముప్పై దాటీ దాటగానే ఆమె చనిపోయారు. 1963లో ‘చదువుకున్న అమ్మాయిలు’ సినిమా ఈ నవల ఆధారంగానే తీశారు. సినిమా చూసినవాళ్లు నవల చదివేసినట్టు అనుకోకూడదు. నవలలోని ఇందిరని కలవాలంటే పుస్తకమే చదవాలి.

నవల విశాఖపట్నంలో నడుస్తుంది. అప్పటికి విజయనగరం జిల్లా లేదు, అది 1979లో ఏర్పడింది. శ్రీకాకుళం 1950లోనే విశాఖ నుంచి విడిపోయినా, ఈ ప్రాంతం పిల్లలకి పెద్ద చదువంటే విశాఖే. మెడికల్ కాలేజీ 1923లో, ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో మొదలయ్యాయి. స్వాతంత్ర్యం వచ్చాక చిన్న పట్నాల నుంచి మధ్యతరగతి ఆడపిల్లలు చదువుకీ ఉద్యోగాలకీ బయటికి రావడం పెరిగింది. ఇంటి పెద్దల కాపలా లేని అద్దె గదిలో ఒక ఆడపిల్ల ఏమవుతుంది, ఏం కోరుకుంటుంది అన్నది అప్పటికి కొత్త ప్రశ్న. శ్రీదేవి ఆ ప్రశ్నని భయపడకుండా పట్టుకున్నారు. అందుకే అరవై ఏళ్లు దాటినా నవల పాతబడలేదు.

ఇందిర, కల్యాణి

ఇందిర ఉద్యోగం చేసి తండ్రి ఆనందరావుని పోషిస్తుంది. ఆ తండ్రి కూతురి సంపాదన మీద బతుకుతాడు. మామూలు కథల్లో ఇలాంటి కూతురు త్యాగమూర్తి అవుతుంది, పాఠకుల చేత కన్నీళ్లు పెట్టిస్తుంది. ఇందిర అలా కాదు. తనకేం కావాలో తనకి తెలుసు, అది దాచుకోదు. మెడిసిన్ చదివే ప్రకాశం మీద ఇష్టం కలిగితే కలిగిందనే ఒప్పుకుంటుంది. ప్రకాశం మంచివాడే గానీ వెన్నెముక లేనివాడు. ఎవరు గట్టిగా లాగితే అటు ఒరుగుతాడు. చివరికి పెద్దవాళ్లు పిలిస్తే వాళ్ల వెంటే వెళ్లిపోతాడు. ఇందిరకి దెబ్బ తగులుతుంది. అయితే ఆమె నూతిలో దూకదు, నా బతుకు చెడిపోయిందని మూలన కూర్చోదు. కృష్ణమూర్తి ఎలాంటివాడో తెలిసే, తను ఎలాంటిదో కూడా తెలిసే, అతనితో జీవితం మొదలుపెడుతుంది. ఆమెలో తప్పులున్నాయి. కల్యాణి పట్ల ఆమె తీరు మెచ్చుకోదగ్గది కాదు. రచయిత్రి ఆ తప్పులు దాచలేదు, వాటికి శిక్షగా ఇందిరని చంపెయ్యనూ లేదు. 1957లో అది చిన్న సంగతి కాదు.

కల్యాణి మెత్తని మనిషి. డబ్బు లేదు. తండ్రి పోతాడు. నమ్మిన ప్రకాశం నిలబడడు. ఒకదాని వెంట ఒకటి దెబ్బలు తగిలినప్పుడు మనిషికి కలిగే మొదటి అనుమానం తన మీదే కలుగుతుంది. ‘నాలోనే ఏదో లోపం ఉంది, అందుకే నాకిలా జరుగుతోంది’ అనిపిస్తుంది. కల్యాణి దారి ఈ అనుమానం లోంచి బయటపడే దారి. ఆమెకి మూడు ఆసరాలున్నాయి. ఒకటి చదువు, రెండోది వసుంధర స్నేహం, మూడోది చివర్లో డాక్టర్ చక్రవర్తి తోడు. చక్రవర్తితో పెళ్లి ఆమెని ఉద్ధరించడానికి జరిగినట్టు ఉండదు. ఇద్దరు దెబ్బ తిన్నవాళ్లు ఒకరినొకరు గౌరవించుకున్నట్టు ఉంటుంది.

ఇద్దర్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నవల చెప్పే సంగతి తేటపడుతుంది. నన్ను వదిలేసినవాడి పిరికితనం నా విలువని తగ్గించదు. ఇందిరకి ఇది మొదట్నుంచీ తెలుసు. కల్యాణి దెబ్బలు తిని నేర్చుకుంటుంది. తనని తాను ప్రేమించుకోవడమంటే అద్దం ముందు మురిసిపోవడం కాదని, ఇతరులు చేసిన తప్పుకి తను సిగ్గుపడడం మానెయ్యడమని ఈ ఇద్దరినీ చూసి అర్థం చేసుకోవచ్చు. ఈ పాఠం మనకీ కావాలి. ఇక్కడిదాకా నవల మనతో నడుస్తుంది.

పొగరు, కొవ్వు, గౌరవం

తనని తాను ప్రేమించుకోవడం అన్నదానికి మన భాషలో ఒక మంచి మాట వెంటనే దొరకదు. ‘స్వార్థం’ అంటే తిట్టు. ‘ఆత్మాభిమానం’ పుస్తకాల మాట. ‘ఆత్మగౌరవం’ ఉద్యమాల మాట. ఊళ్లో వాడుకలో ఉన్న మాటలు వేరు. పెద్ద కులం ఇంటి అమ్మాయి తల ఎత్తుకుని నడిస్తే ‘టెక్కు’ అంటారు, ఉద్యోగం చేసి తన మాట చెల్లించుకుంటే ‘గట్టి పిల్ల’ అంటారు. అదే మాల గుంటో, మాదిగ గుంటో, రెల్లి గుంటో తల ఎత్తుకుని నడిస్తే ‘కొవ్వెక్కింది’ అంటారు. టెక్కు నవ్వి వదిలేసే సంగతి. కొవ్వు కరిగించాల్సిన సంగతి. ఆ మాటలోనే శిక్ష ఉంది.

ఇందిరని మహా అయితే స్వార్థపరురాలంటారు. ఆ మాట ఆమె గుణం మీద తీర్పు. ‘కొవ్వెక్కింది’ అన్న మాట మన పుట్టుక మీద తీర్పు. గుణం మీద తీర్పు వస్తే మనిషి తన పని ద్వారా, నడత ద్వారా జవాబు చెప్పుకోవచ్చు. పుట్టుక మీద వచ్చిన తీర్పుకి ఒక్క మనిషి ఒంటరిగా ఏం జవాబు చెబుతుంది? తేడా ఇక్కడ మొదలవుతుంది.

నవల నిలబడ్డ నేల

ఇందిర, కల్యాణి ఇద్దరూ డబ్బు లేనివాళ్లే. అయినా వాళ్ల కాళ్లకింద కొంత నేలుంది. దాన్ని గమనించకుండా చదివితే మనం మోసపోతాం.

మొదటిది గది. అద్దె కట్టగలిగితే వాళ్లకి గది దొరుకుతుంది. కులం చెప్పినందుకు గది లేదనిపించుకునే అవస్థ ఈ ఇద్దరిలో ఎవరికీ రాదు. నవల రావడానికి రెండేళ్ల ముందు, 1955లో, అస్పృశ్యతా నేరాల చట్టం వచ్చింది. 1976 సవరణతో దానికి పౌరహక్కుల పరిరక్షణ చట్టమని పేరు మారింది. 1989లో అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. ఇన్ని చట్టాలొచ్చాక కూడా గుమ్మం దగ్గర ‘మీరెవుళ్లమ్మా’ అన్న ప్రశ్న అలాగే ఉంది. అది చాలా మర్యాదగా, నవ్వుతూ అడిగే ప్రశ్న. అందుకే పట్టుకోవడం కష్టం.

రెండోది పని. ఇందిరది ఆఫీసు పని. ఆ పనిలో కష్టం ఉండొచ్చు గానీ ఆ పని వల్ల ఆమె ఒంటికి అంటు అంటదు. మన ప్రాంతంలో దళిత స్త్రీల పనులు చూడండి. పరాయి పొలంలో నడుం వంచి ఉడుపులు ఉడవడం, గోగునార తియ్యడం, పట్నంలో రెల్లి ఆడవాళ్లు తెల్లారకముందే చీపుళ్లు పట్టుకుని రోడ్లు తుడవడం. ఊరినీ పట్నాన్నీ శుభ్రం చేసేవాళ్లనే మురికివాళ్లంటారు. పని చేసే మనిషి తన పనిని చూసి గర్వపడాల్సింది పోయి చేతులు దాచుకుంటుంది. నేను దాచింది అమ్మ చేతుల్నే కదా.

మూడోది స్నేహం. కల్యాణిని ఆదుకున్న వసుంధర ఇంటి తలుపు కల్యాణికి తెరుచుకుంటుంది. క్లాసులో మనకి మంచి స్నేహితులుంటారు. పండక్కి ఇంటికి పిలుస్తారా, పిలిస్తే వంటగది దాకా రానిస్తారా అన్నది వేరే పరీక్ష.

గది, పని, స్నేహం ఈ మూడూ కులం అడ్డు లేకుండా అందినప్పుడు ‘నా విలువ నా చేతిలో ఉంది’ అనుకోవడం వీలవుతుంది. మనకి ఆ మూడింటి దగ్గరా ఒక కాపలావాడున్నాడు. ఇది శ్రీదేవి తప్పని నేననను. ఆమె తనకి తెలిసిన ఇళ్ల గురించి నిజాయితీగా రాశారు. తప్పల్లా, ఆ ఇళ్లలోని ఆడవాళ్ల కథనే మొత్తం తెలుగు స్త్రీ కథగా పాఠాలు చెప్పే మనది.

చదువుకుంటే ఇదంతా పోతుందనే వాళ్లకి బాబాసాహెబ్ అనుభవం గుర్తు చెయ్యాలి. 1917లో, కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివి వచ్చాక, అంబేద్కర్ బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వెళ్లారు. ఉండడానికి చోటు దొరకలేదు. ఒక పార్సీ సత్రంలో పార్సీ పేరుతో దిగాల్సి వచ్చింది. పదకొండో రోజున కర్రలు పట్టుకున్న పార్సీలు వచ్చి ఖాళీ చెయ్యమన్నారు. ఈ సంగతి ఆయనే రాసుకున్నారు. ఇది చదివిన రోజు నాకు ఒక బరువు దిగింది. గది కోసం పేరు మార్చుకోవడం నా ఒక్కదాని పిరికితనం కాదన్నమాట. అంత చదువు చదివిన మనిషికి కూడా ఆ అవస్థ తప్పలేదంటే లోపం మనిషిలో లేదు, సత్రంలో ఉంది.

మన ప్రాంతపు సాహిత్యంలో ఆమె ఎక్కడ?

ఉత్తరాంధ్ర సాహిత్యం తక్కువదేమీ కాదు. విజయనగరంలో పుట్టిన ‘కన్యాశుల్కం’లో మధురవాణి ఉంది. లోకం ఆమెని వేశ్య అని పక్కకి నెట్టినా ఆమె తన తెలివిని, తన మర్యాదని తక్కువ చేసుకోదు. శ్రీకాకుళం జిల్లాకి చెందిన కాళీపట్నం రామారావు 1964లో రాసిన ‘యజ్ఞం’లో దళితుడైన అప్పల్రాముడి అప్పు కథని పట్టుకుని ఊరి న్యాయం మొత్తాన్ని విప్పి చూపించారు. గొప్ప కథ. అయితే ఆ కథలో అప్పు గురించి, మాట గురించి, పరువు గురించి మాట్లాడేది మగవాళ్లే. ఆ ఇంటి ఆడవాళ్లు ఆ రాత్రి ఏమనుకున్నారో మనకి తెలీదు. మేడమీద ఇందిర మనసు తెలుసు. పేటలో అప్పల్రాముడి కోడళ్ల మనసు తెలీదు. ఈ రెండింటి మధ్య ఖాళీలో మన తల్లులున్నారు.

2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన ‘నల్లపొద్దు’ దళిత స్త్రీల రచనల్ని ఒకచోట చేర్చింది. దళిత స్త్రీలు రాయలేదన్న మాట అబద్ధమని అది నిరూపించింది. అయితే శ్రీకాకుళం, విజయనగరం పేటల నుంచి, మన యాసలో, ఒక దళిత స్త్రీ తన జీవితం మొత్తాన్ని పెట్టి రాసిన నవల కోసం నా వరకు నేనింకా ఎదురుచూస్తున్నాను.

సిగ్గు ఎవరిది?

మరి మనకి సరిపోయే ఆత్మప్రేమ ఎలా ఉంటుంది? రెండు ఉదాహరణలు చెబుతాను.

1927 డిసెంబరులో మహద్‌లో మనుస్మృతిని తగలబెట్టిన సభల సందర్భంలోనే అంబేద్కర్ దళిత స్త్రీలతో ప్రత్యేకంగా మాట్లాడారు. అంటరానివాళ్లని గుర్తుపట్టేలా ఉన్న చీరకట్టునీ, నగల్నీ వదిలెయ్యమన్నారు. అక్కడి స్త్రీలు వెంటనే చీర పాదాల దాకా దించి కట్టుకున్నారు. చీరకట్టు మార్చడం పైకి చిన్న పనే. కానీ వందల మంది స్త్రీలు కలిసి ఒకేసారి చేసేసరికి అది ప్రకటన అయింది. ఇందిర ఒక్కతే చేసిన పనిని వీళ్లు గుంపుగా చేశారు. గుంపుగా చెయ్యక తప్పలేదు, ఎందుకంటే వాళ్ల మీద సిగ్గు మోపింది కూడా గుంపుగానే.

రెండోది తమిళ రచయిత్రి బామ. ఆమె క్రైస్తవ సన్యాసిని అయ్యి, మఠంలో కూడా కులం ఉందని చూసి, బయటికి వచ్చేశారు. చేతిలో ఏమీ లేని స్థితిలో తన జీవితం రాసుకున్నారు. 1992లో అది ‘కరుక్కు’ పేరుతో పుస్తకంగా వచ్చింది. కరుక్కు అంటే తాటిమట్ట అంచున ఉండే రంపపు పళ్లు. మన ఊళ్లలో తాటిమట్టలు మొయ్యని చిన్నతనం ఎవరికుంది? అది గీసుకుంటే ఎలా ఉంటుందో మనకి చెప్పక్కర్లేదు. బామ ఆ గాయాల అంచునే ఆయుధం చేసుకున్నారు. కల్యాణికి లేవడానికి ఒక తోడు దొరికింది. బామ తన పేట మనుషుల్ని, తన అవ్వని, అక్కడి మాటని మళ్లీ దగ్గరికి తీసుకుని లేచారు. తనని ప్రేమించుకోవడం అంటే ఆమెకి తనవాళ్లని దాచకుండా ఉండడం.

ఈ ప్రేమకి ధర ఉంటుందని కూడా మరిచిపోకూడదు. 2012 జూన్ 12న, అప్పటి శ్రీకాకుళం జిల్లా వంగర మండలం లక్ష్మీపేటలో, మడ్డువలస రిజర్వాయరు కోసం సేకరించగా మిగిలిన భూమిని దళితులు సాగుచేసుకుంటున్నందుకు దాడి జరిగింది. అయిదుగురు దళితులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. 2022 నుంచి ఆ మండలం విజయనగరం జిల్లాలో ఉంది. ‘మేం కూడా ఈ నేల దున్నుకుంటాం’ అనడం ఆత్మగౌరవమే. ‘నిన్ను నువ్వు ప్రేమించుకో, అన్నీ సర్దుకుంటాయి’ అని చెప్పే పుస్తకాలు ఇప్పుడు బోలెడు వస్తున్నాయి. లక్ష్మీపేట తల్లుల ముందు ఆ మాట అనగలమా? మనసు ఒక్కటే మారితే చాలదు. నేల, గది, పని, చట్టం మారాలి. అవి మారాలని అడగడానికి ముందు మనసు సిగ్గు వదలాలి. ఈ రెండూ ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి.

తరగతిలో

ఉపాధ్యాయులు ‘కాలాతీత వ్యక్తులు’ పాఠం చెప్పేటప్పుడు ఇందిర మంచిదా చెడ్డదా అన్న చర్చతో ఆపెయ్యడం చాలాసార్లు చూశాను. మరికొన్ని ప్రశ్నలు అడగొచ్చు. ఈ గది ఎవరికి అద్దెకిస్తారు? ఈ ఇంటి దొడ్డి కడిగేదెవరు, ఆమె పేరు నవలలో ఉందా? కల్యాణి దళిత అమ్మాయి అయితే రెండో అధ్యాయం ఎలా నడిచేది? విద్యార్థుల్ని ఆ అధ్యాయం రాయమనండి. అలా అడిగినందువల్ల శ్రీదేవి నవల చిన్నబోదు. దానికి అవతలి గుమ్మం కూడా తెరుచుకుంటుంది.

కులం దాచుకుని కూర్చున్న పిల్ల ప్రతి క్లాసులో ఒకతైనా ఉంటుంది. ఆమెని లేపి పేరు, కులం చెప్పించడం ధైర్యం నేర్పడం కాదు, అది ఇంకో హింస. దాచుకోవాల్సిన అవసరం లేని క్లాసుని తయారుచెయ్యడం మన పని.

నా సంగతి చెప్పి ముగిస్తాను. పరిశోధనలో చేరాక ఒకసారి ఇంటికెళ్లినప్పుడు ఆ ఎనిమిది నెలల అబద్ధం గురించి అమ్మకి చెప్పాను. ఆమె చాటలో బియ్యం ఏరుతోంది. తలెత్తకుండానే అంది: ‘నాకెరికే గుంటా. నువ్వు నన్ను దాసీసినావని ఆయేలే ఎరికి. నీ సదువు పాడవకూడదని ఊరుకున్నాను.’

అన్నాళ్లూ నేను మోస్తున్నాననుకున్న సిగ్గుని నిజానికి ఆమె మోసింది. అది నాదీ కాదు, ఆమెదీ కాదు. గుమ్మం దగ్గర ఆ ప్రశ్న అడిగినవాళ్లది. తర్వాత గది వెతుక్కున్నప్పుడు నిజం చెప్పాను. నెలన్నర తిరిగాను. దొరికింది చిన్న గది, మేడ కాదు, ఊరి చివర. మొదటి ఆదివారమే అమ్మ బియ్యం మూటతో వచ్చింది. ఇంటివాళ్లు చూస్తుండగానే గుమ్మంలోకి వచ్చి కూర్చుంది. ఈ గుమ్మం దగ్గర మొదలయ్యే నవల ఒకటి రాయాల్సి ఉంది. మన పిల్లల్లో ఎవరైనా మన మాటలోనే దాన్ని మొదలుపెట్టాలి.